వేలితో తెరిచే సముద్రం

సముద్రపు గుర్రాల్లో పిల్లల్ని మోసేది తండ్రి. తల్లి గుడ్లు పెట్టేది ఆయన పొట్ట ముందున్న సంచిలో. అక్కడితో ఆవిడ పని అయిపోయింది. ఆ తర్వాత వారాల తరబడి ఆ సంచిని మోసుకుంటూ, నీటిగడ్డికి తోక చుట్టి పట్టుకుని, అలకి కొట్టుకుపోకుండా కాచుకునేది తండ్రే. ఈ సంగతి మూడేళ్ళ పిల్లకి ఎలా చెబుతారు? నాలుగు వాక్యాలు రాసి చదివి వినిపిస్తే సగంలోనే లేచిపోతుంది. ఒక బొమ్మ వేసి, పొట్ట దగ్గర చిన్న కాగితపు మూత అతికించి, "తీసి చూడు" అంటే చాలు. మూత తీస్తుంది. లోపల బుల్లి బుల్లి గుర్రాలు. ఇక ఆ మూత ఊడిపోయే దాకా తీస్తూనే ఉంటుంది, మూస్తూనే ఉంటుంది.

ఇలాంటి పుస్తకాల గురించే ఈ వేళ నా ప్రసంగం. మూతలు తీసేవి, పట్టీ లాగితే బొమ్మ కదిలేవి, వేలితో తడిమి చూసేవి, పేజీ విప్పగానే బొమ్మ లేచి నిలబడేవి. అందులోనూ సముద్రజీవుల మీద వచ్చినవి. ముట్టుకుని చూడవలసిన వస్తువు గురించి రేడియోలో చెప్పడం తమాషాగానే ఉంటుంది. అందుకని మధ్యలో ఒకచోట మీ చేతికీ కాస్త పని చెబుతాను. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటే తీసి పక్కన పెట్టుకోండి.

ముందు ఒక మంచి పుస్తకం సంగతి. 2004లో అమెరికా చిత్రకారుడు ఎరిక్ కార్ల్ ఈ సముద్రపు గుర్రం తండ్రి మీద 'మిస్టర్ సీహార్స్' అనే బొమ్మల పుస్తకం తెచ్చారు. 1969లో వచ్చిన ఆయన గొంగళిపురుగు పుస్తకం మీలో చాలామంది చూసే ఉంటారు. పురుగు తిన్న పళ్ళకి నిజంగానే బెజ్జాలు పెట్టి అచ్చువేసిన పుస్తకం అది. సముద్రపు గుర్రం పుస్తకంలో బెజ్జాలు లేవు. కొన్ని పేజీల ముందు అవతలిది కనిపించే పల్చటి ప్లాస్టిక్ షీటు ఉంటుంది. ఒక షీటు మీద రెల్లు లాంటి నీటిమొక్కలు అచ్చయి ఉంటాయి, ఒకదాని మీద నాచు, ఒకదాని మీద పగడాల దిబ్బ, ఒకదాని మీద రాయి. షీటు వేసి ఉన్నంతసేపూ కనిపించేది మొక్కలూ రాళ్ళే. తిప్పేశామా, వెనక దాక్కున్న చేప బయటపడుతుంది. లయన్ ఫిష్, స్టోన్ ఫిష్ వగైరా. ఇవి నిజంగా సముద్రంలో అలాగే బతుకుతాయి. స్టోన్ ఫిష్ రాళ్ళ మధ్య కదలకుండా పడి ఉంటే ఈతగాడి కాలు దాని మీద పడేదాకా అది చేప అని తెలియదు. వీపు మీద ముళ్ళనిండా విషం.

చేప దాక్కోవడం, కంటికి దొరకడం అనే రెండు పనులూ ఆ షీటు చేసి చూపించింది. పిల్ల వేలు షీటుని తిప్పుతున్నప్పుడు నేర్చుకుంటున్నది పుస్తకం తిప్పడం కాదు, సముద్రంలో వెతకడం. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఈ రకం పుస్తకాల్లో మంచిదేదో, డబ్బు దండగదేదో పది నిమిషాల్లో చెప్పెయ్యొచ్చు. కాగితం చేసే పనీ, జంతువు చేసే పనీ ఒకటే అయి ఉండాలి.

ఆ పుస్తకంలో మన సముద్రపు గుర్రానికి దారిలో వేరే తండ్రులు కూడా కలుస్తారు. గుడ్లని నోట్లో పెట్టుకుని కాచే తిలాపియా. నుదుటి మీద కొక్కెంలా పెరిగిన ఎముకకి గుడ్ల గుత్తి తగిలించుకుని తిరిగే కర్టస్ చేప. ఈ కర్టస్ ఉత్తర ఆస్ట్రేలియా నదుల్లో ఉంటుంది, కల్పన కాదు. తిలాపియా దగ్గర మాత్రం మన ఇళ్ళల్లో ఒక మాట కలపాలి. 1952లో మన దేశానికి తెచ్చి, ఇప్పుడు చెరువు చెరువునా కనిపించే మొజాంబిక్ తిలాపియాలో గుడ్లు నోట పట్టేది తల్లి. తండ్రి ఆ పని చేసే రకం వేరే ఉంది, పడమటి ఆఫ్రికా తీరంలో. చేపల చెరువుల ఊళ్ళో ఈ పుస్తకం చదివితే ఏ బుడ్డోడో లేచి "కాదు, అమ్మే" అనొచ్చు. అనాలి కూడా.

చరిత్ర ఎక్కువ చెప్పను. కాగితానికి మూత పెట్టడం అనే ఉపాయం పిల్లల కోసం పుట్టింది కాదు. 16వ శతాబ్దపు యూరప్‌లో మనిషి శరీరం లోపల ఏముందో చూపించడానికి పొట్ట మీద కాగితపు మూతలు అతికించిన బొమ్మలు అచ్చువేశారు. ఒకటి తీస్తే పేగులు, ఇంకొకటి తీస్తే వెన్నెముక. 1765 ప్రాంతంలో లండన్‌లో రాబర్ట్ సేయర్ అనే ప్రచురణకర్త మడతలు విప్పితే కథ మారే చిన్న పుస్తకాలు అమ్మాడు. 19వ శతాబ్దం చివర మ్యూనిక్‌లో లోథర్ మెగెన్‌డోర్ఫర్ ఒక్క పట్టీ లాగితే బొమ్మలో నాలుగు చోట్ల కదలిక వచ్చేలా సన్నటి తీగ చుట్టలతో యంత్రాంగం అమర్చాడు. 1940లో అమెరికాలో డొరతీ కున్‌హార్ట్ కుందేలు బొమ్మకి మెత్తటి దూది బొచ్చు అతికించింది. 1980లో ఇంగ్లండులో ఎరిక్ హిల్ 'స్పాట్' అనే కుక్కపిల్లని మూతల వెనక వెతికించాడు. పసిపిల్లల మూతల పుస్తకం అంటే ఇవాళ మనకి తెలిసిన రూపం అక్కడ స్థిరపడింది.

ఇక సముద్రానికి వద్దాం. నీటి కింద ఉన్నది పైకి కనిపించదు గనక మూతకి ఇంతకన్నా సహజమైన చోటు లేదు. అయినా దుకాణాల్లో దొరికే వాటిలో చాలావాటిలో ఆ సహజత్వం ఉండదు. మూత తీస్తే డబ్బా వెనక డాల్ఫిను, ఇంకోటి తీస్తే గొడుగు వెనక సొర చేప. సముద్రం అడుగున గొడుగేమిటి? పిల్లకి ఆశ్చర్యం కలుగుతుంది, ఒప్పుకుంటాను. జ్ఞానం మాత్రం ఏమీ కలగదు.

పట్టీ లాగే పుస్తకం చేతికొస్తే నేను ముందు చూసేది తిమింగలం తోక. చేప తోక నిలువుగా ఉంటుంది, కుడి ఎడమలకి ఊగుతుంది. తిమింగలం తోక అడ్డంగా పరుచుకుని ఉంటుంది, పైకీ కిందికీ కొడుతుంది. అది మనలాగా ఊపిరి పీల్చే జీవి, చేప కాదు. పట్టీ లాగితే తిమింగలం తోక పక్కలకి ఆడిందంటే ఆ బొమ్మ వేసినవాళ్ళు చేపకీ దానికీ తేడా చూడలేదన్నమాట. సముద్రపు తాబేలు ఇంకోటి. పట్టీ లాగగానే తల డొప్పలోకి దూరుతుంది కొన్ని బొమ్మల్లో. ఊరి చెరువులో తాబేలు ఆ పని చేస్తుంది. సముద్రపు తాబేలు చెయ్యలేదు, దాని తల ఎప్పుడూ బయటే. ఆక్టోపస్ బొమ్మల్లో కళ్ళ కింద నవ్వే నోరు తప్పదు. నిజానికి దాని నోరు ఎనిమిది చేతులూ కలిసేచోట అడుగున ఉంటుంది, చిలక ముక్కు లాంటి గట్టి ముక్కుతో. ఆ చేతులు మడిచిపెట్టి, విప్పితే నోరు కనబడేలా ఒక్కరైనా చేస్తే ఎంత బాగుంటుంది!

పిల్లల బొమ్మకి ఇంత పట్టింపు ఎందుకని అడగొచ్చు. నవ్వే నోరు బొమ్మల లోకపు మర్యాద, దాన్ని వదిలేద్దాం. కదలిక విషయంలో మాత్రం పట్టింపు ఉండాలి. రెండేళ్ళ పిల్ల కంటితో చూసింది మరిచిపోతుందేమోగానీ చేత్తో చేసింది అంత తొందరగా మరిచిపోదు. తప్పుగా చేయిస్తే తప్పే చేతికి అలవాటవుతుంది. చక్కగా కుదిరేవీ బోలెడున్నాయి. పీతకి అడ్డంగా జరిగే గాడి. పఫర్ చేపకి పేజీ విప్పగానే ఉబ్బి లేచే కాగితం. జెల్లీ చేపకి ముడుచుకుని విచ్చుకునే మడతలు. సన్యాసి పీతకి ఒక గుల్లలోంచి తీసి పెద్ద గుల్లలో పెట్టే వీలు. ఒళ్ళు పెరిగినప్పుడల్లా అది నిజంగా ఇల్లు మారుతుంది. ఆక్టోపస్‌కి తిప్పితే రంగు మారే చక్రం. కాగితపు ఉపాయాలన్నీ ఈ జీవుల దగ్గరే పుట్టాయా అనిపిస్తుంది.

ఈ మూతల వల్ల పిల్లలు నిజంగా నేర్చుకుంటారా అన్న ప్రశ్నకి శాస్త్రవేత్తల జవాబు మనం ఆశించినట్టు లేదు. అమెరికాలో జూడీ డెలోష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి పసిపిల్లలకీ బొమ్మలకీ ఉన్న సంబంధం పరిశీలించారు. తొమ్మిది నెలల పాపకి వస్తువు ఫోటో చూపిస్తే పేజీ మీద వేళ్ళతో గీరి దాన్ని పైకి తియ్యబోతుంది. అమెరికాలో పాపలూ అంతే, ఆఫ్రికాలో ఐవరీ కోస్టు పల్లెల్లో పాపలూ అంతే. ఏడాదిన్నర దాటేసరికి గీరడం మాని వేలు పెట్టి చూపించడం మొదలుపెడుతుంది. అది బొమ్మే గానీ వస్తువు కాదని తెలిసిపోయిందన్నమాట. ఆవిడ బృందమే 2010లో ప్రకటించిన ఇంకో అధ్యయనంలో ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకి జంతువుల గురించి కొత్త మాటలూ సంగతులూ రెండు రకాల పుస్తకాలతో నేర్పారు. లేచే బొమ్మలూ లాగే పట్టీలూ ఉన్న పుస్తకాలకన్నా మామూలు పుస్తకాలతోనే పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. పట్టీ ధ్యాసలో పడి జంతువు సంగతి వదిలేసి ఉంటారు.

ఇది చదివి మూతల పుస్తకాలన్నీ అటకెక్కించనక్కర్లేదు. పట్టీ ఒక ఆట, జంతువు ఇంకొక సంగతి అయినప్పుడు పిల్ల ఆటవైపే పోతుంది, ఎవరమైనా పోతాం. పట్టీ లాగడమే జంతువు సంగతి అయితే చీలిక ఉండదు. ఇది నా అభిప్రాయం, ఆ అధ్యయనం ఇంతదూరం చెప్పలేదు. ఎలక్ట్రానిక్ పుస్తకాల గతి మరీ చిత్రం. మీట నొక్కితే పాడే, అరిచే పుస్తకాలు చదువుతున్న తల్లిదండ్రుల మాటలు 2013లో ఒక అమెరికన్ బృందం నమోదు చేసింది. కథ గురించిన మాటలు తగ్గాయి. "అది నొక్కు, ఇది నొక్కకు, సరిగ్గా కూర్చో" అనేవి పెరిగాయి. మూడేళ్ళ పిల్లలకి కథ కూడా తక్కువ అర్థమైంది.

అంటే అసలు మాటామంతీ పుస్తకానికీ పిల్లకీ మధ్య కాదు, పిల్లకీ పక్కన కూర్చున్న మనిషికీ మధ్య. గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే పరిశోధకుడు 1988లోనే దీన్ని లెక్కకట్టి చూపించాడు. రెండు మూడేళ్ళ పిల్లల తల్లిదండ్రులకి ఒకటే నేర్పాడు: మీరు చదవడం తగ్గించండి, పిల్లచేత చెప్పించండి, "ఏం చేస్తోంది? ఎందుకు?" అని అడగండి, పిల్ల ఒక మాట అంటే దానికి ఇంకో మాట కలపండి. నెల రోజుల్లో ఆ పిల్లలు మాట్లాడటంలో మిగతావాళ్ళని దాటిపోయారు. మన రేడియోకి ఇది కొత్త కాదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారూ, అక్కయ్య కామేశ్వరి గారూ పిల్లల్ని మైకు ముందు నిలబెట్టి వాళ్ళచేత చెప్పించారు, పాడించారు.

అసలు మన ఇళ్ళల్లో చెప్పుకునే ఏడు చేపల కథ చూడండి. ఏడుగురు రాజకొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తేవడం, ఒకటి ఎండకపోవడం, ఎందుకు ఎండలేదో అడుగుతూ పోవడం. చేపని అడిగితే గడ్డిమేటు మీద పెడుతుంది, అది ఆవు మీద, ఆవు మేపేవాడి మీద, అలా చివరికి చీమ దగ్గర తేలుతుంది. ఒక్కో ప్రశ్న ఒక్కో మూత. తీస్తేగానీ వెనకున్నవాడు కనిపించడు. ఇంతకంటే చక్కగా మూతల పుస్తకానికి అమరే కథ ఏ భాషలో ఉందో నాకు తెలియదు. దాన్ని ఒట్టి బొమ్మల కథగా ఎన్నోసార్లు అచ్చువేశాం. మూతలు పెట్టి వేసినట్టు నేను చూడలేదు.

భీమిలి దగ్గర ఒక మత్స్యకార పల్లె అంగన్‌వాడీకి ఒకసారి ఇలాంటి ఇంగ్లీషు పుస్తకం పట్టుకెళ్ళాను. మంచి గట్టి అట్ట పేజీలు, అన్నీ రంగురంగుల పగడపు చేపలు. నాలుగేళ్ళ కుర్రాడు మూత తీసి, ముక్కు పెట్టి వాసన చూశాడు. "ఇదేటి చేప, వాసనే లేదు!" అన్నాడు. పక్కనున్న పిల్ల చేప పొలుసుల మీద వేలు పెట్టి తోకవైపు నుంచి తలవైపు రుద్దింది. చేప శుభ్రం చేసేటప్పుడు పొలుసు తీసేది అలాగే. పేజీలో పొలుసుల చోట మెత్తటి మఖమల్ ముక్క అతికించి ఉంది. ఆ పిల్ల నా మొహం చూసి నవ్వింది. ఆ తర్వాత పుస్తకం పక్కన పడేసి వాళ్ళే నాకు చూపించారు: పీత ఎలా పరిగెడుతుందో నేల మీద వేళ్ళతో, టేకు చేప ఎలా పోతుందో రెండు అరచేతులు అలల్లా ఊపి. కవ్వళ్ళు, కానాగంతలు, కోనాం అని పేర్లు చెప్పుకుపోయారు. ఆ పుస్తకంలో వాటిలో ఒక్కటీ లేదు.

దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉన్న రాష్ట్రం మనది. మన పసిపిల్లల చేతిలో ఉండే సముద్రం మాత్రం పగడపు చేపలదీ, పెంగ్విన్లదీ. ఎందుకంటే ఈ పుస్తకాల తయారీ ఖరీదైన వ్యవహారం. కాగితం కోసే అచ్చు ఒక్కో ఆకారానికి విడిగా చేయించాలి. కోసిన ముక్కల్ని యంత్రం అతికించలేదు, మనుషులే వరసగా కూర్చుని చేత్తో అతికించాలి. అందుకే 1970ల నుంచి పెద్ద పెద్ద పాప్-అప్ పుస్తకాలు కొలంబియాలోని కాలి నగరంలోనూ, ఆ తర్వాత సింగపూర్, థాయిలాండ్, చైనాల్లోనూ తయారయ్యాయి. ప్రతులు భారీగా వేస్తేగానీ గిట్టదు. కొన్ని వేల ప్రతులు అమ్ముడైతే పండగ చేసుకునే తెలుగు ప్రచురణకర్త ఈ జోలికి రాకపోవడం అర్థం చేసుకోవచ్చు.

అయితే మనకి లేనిది యంత్రమే గానీ చెయ్యి కాదు. చెన్నైలో తారా బుక్స్ వాళ్ళు మిథిలా చిత్రకారుడు రాంభరోస్ ఝా వేసిన నీటిజీవుల బొమ్మల్ని 'వాటర్‌లైఫ్' అని చేతి అచ్చుతో వేశారు. సిల్క్ స్క్రీన్ అచ్చు కాబట్టి సిరా కాగితం మీద పొరగా నిలబడి వేలికి తగులుతుంది. మూతా లేదు, పట్టీ లేదు, అయినా అది తడిమి చూసే పుస్తకమే. ఆ పని మన దగ్గరే జరిగింది. అది పసిపిల్లలకి ఇచ్చే ధరలో లేదన్నది వేరే సంగతి.

సరే, ఇప్పుడు ఆ శుభలేఖలు తీయండి. దళసరిగా, నునుపుగా ఉంటాయి, పెళ్ళి అయిపోయాక ఇంకెందుకూ పనికిరావు. ఆలివ్ రిడ్లే తాబేలు మీద ఒక పుస్తకం చేద్దాం. జనవరి నుంచి మార్చి దాకా మన శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకూ ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టి పోయే తాబేలు అది. నాలుగు పేజీలు చాలు. జిగురుకి మైదా ఉడకబెట్టుకోండి. బైండింగు వాళ్ళు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం. పిల్లల నోట్లోకి పోయే పుస్తకానికి వద్దు. మూతని కాగితంతో అతికిస్తే వారానికే చిరుగుతుంది. పాత చీర అంచు సన్నగా కత్తిరించి దానితో కీలు కట్టండి, ఏళ్ళ తరబడి ఉంటుంది. గుండీలూ, పూసలూ, అతికించిన కళ్ళూ పెట్టొద్దు. ఊడాయంటే గొంతులో పడతాయి.

మొదటి పేజీ రాత్రి, ఒడ్డు. అడ్డంగా ఒక గాడి కోసి, తల్లి తాబేలుని అట్టముక్క మీద వేసి, వెనకవైపు ఇంకో ముక్క కట్టి గాడిలో జరిగేలా చెయ్యండి. సముద్రం నుంచి ఇసుకలోకి పిల్లే దాన్ని జరుపుతుంది. రెండో పేజీలో ఇసుక మూత. మూత మీద జిగురు రాసి నిజం ఇసుకే చల్లి దులిపెయ్యండి. తీస్తే గుంట, గుంటలో గుడ్లు. ఒక్కో తాబేలు ఇంచుమించు వంద పెడుతుంది. లెక్కపెట్టి వెయ్యక్కర్లేదు, నిండుగా వెయ్యండి. వెనక కాళ్ళతో గుంట తవ్వి, పెట్టి, పూడ్చి, పొట్టతో అదిమి వెళ్ళిపోతుంది, మళ్ళీ వెనక్కి చూడదు. 45 నుంచి 60 రోజులు ఇసుక వేడికే పొదుగుతాయి. ఇసుక బాగా వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ. ఇది పెద్ద పిల్లలకి చెప్పండి, తెగ ముచ్చటపడతారు.

మూడో పేజీ అసలైనది. గుంట దగ్గర మొదలై పంగలకర్రలా రెండుగా చీలే గాడి ఒకటి కోయండి. ఒక కొన సముద్రానికి, ఒక కొన రోడ్డుకి. గాడిలో బుల్లి తాబేలు. రోడ్డు వైపు ఒక వీధిదీపం వేసి, దాని మీద నల్లటి మూత పెట్టండి. ఇసుకలోంచి బయటపడ్డ పిల్ల తాబేలు ఎటు వెలుగు ఎక్కువ ఉంటే అటు పాకుతుంది. చీకటి ఒడ్డున వెలుగంటే సముద్రం మీద ఆకాశమే. రోడ్డు మీద దీపం వెలిగిందా, దారి తప్పి అటు పోతుంది, కుక్కల పాలో, చక్రాల పాలో అవుతుంది. పిల్ల మూత తీసినప్పుడు "దీపం వెలిగింది, తాబేలు ఎటు పోవాలి?" అని అడగండి. రోడ్డు వైపు జరిపి చూడనివ్వండి. తర్వాత మూత వేసి దీపం ఆర్పితే తాబేలు సముద్రం వైపు తిరుగుతుంది. ఉపన్యాసం అక్కర్లేదు, వేలే చెబుతుంది.

నాలుగో పేజీకి వల. తాబేలు గాలి పీల్చే జీవి. రొయ్యల ట్రాలు వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది. అందుకు వలలో ఇనుప కడ్డీల చట్రం ఒకటి బిగిస్తారు. రొయ్యలు కడ్డీల సందుల్లోంచి వలలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న ద్వారంలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకి తగిన నమూనా తయారుచేసింది. ఆ ద్వారానికి ఉండేది ఏమిటనుకున్నారు? పైన వేలాడే ఒక వలముక్క, తోస్తే తెరుచుకునే మూత! పుస్తకంలో పెట్టాల్సిన మూతని సముద్రంలో మనుషులు ముందే పెట్టేశారు. ఉల్లిపాయల సంచి ముక్క ఒకటి అతికించండి చాలు.

ఇలా చేసిన పుస్తకం కొన్నదానంత అందంగా ఉండదు. వంకర గీతలుంటాయి, కింద ఏదో పెళ్ళివారి పేరు తొంగిచూస్తుంది. పిల్లలకి అదేం పట్టదు. అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలుండి వచ్చే అమ్మమ్మలకీ తాతయ్యలకీ కూడా ఒక మాట. అక్కడి లైబ్రరీలో మూతల పుస్తకాలు కావలసినన్ని దొరుకుతాయి. వాటిలో మాటలు తక్కువ, మీకు తోచిన తెలుగులో చెప్పుకుపోవచ్చు, ఎవరూ అడ్డురారు. చెప్పేవాళ్ళకి మొహమాటం పోతే మనవడికి భాష వస్తుంది.

చూపు లేని పిల్లల సంగతి చెప్పకపోతే తప్పు. వాళ్ళకి చేప ఆకారం ఉబ్బెత్తు గీతగా గీసి ఇస్తే అది గీతే తప్ప చేప కాదు. ఫ్రాన్సులో దిజోన్ పట్టణం దగ్గర 'లే ద్వా కి రేవ్' అనే సంస్థ చూపు లేని పిల్లల కోసం తడిమి చదివే బొమ్మల పుస్తకాలు 1994 నుంచి చేతితో తయారుచేస్తోంది. మన పుస్తకంలో ఆ ఇసుక, ఆ వలముక్క, చేపకి పొలుసుల వరసలో అతికించిన గరుకు ముక్కలు ఈ పిల్లలకి కూడా పనికొస్తాయి. పొలుసులు మాత్రం తోకవైపు నిమిరితే నునుపుగా, తలవైపు రుద్దితే గరుకుగా ఉండాలి. మఖమల్ వద్దు.

మూత చిరిగిందని తిట్టకండి. పుస్తకం తీసి బీరువా మీద పెట్టకండి. ముట్టుకోవడానికే చేసినదాన్ని ముట్టుకోవద్దంటే దాన్ని కొనడమే అనవసరం. చిరిగిన మూతని పిల్లనే పక్కన కూర్చోబెట్టుకుని చీర అంచుతో అతికించండి.

ప్రచురణకర్తలకి ఒక విన్నపం. నాలుగు పేజీలు, ఆరు మూతలు, మన తీరపు చేపలు, పీతలు, తాబేలు. అతికించే పని మహిళా సంఘాలకి ఇవ్వండి. మొదట తీరప్రాంతపు అంగన్‌వాడీలకి మాత్రమే సరిపడా వెయ్యండి. బొమ్మలు గీసే ముందు ఆ ఊళ్ళ పిల్లలకి ఒకసారి చూపించండి, తప్పులు వాళ్ళే చెబుతారు.

తల్లిదండ్రులకి ఇంకొకటి. విశాఖ తీరంలో అటవీశాఖ వాళ్ళు ఏటా తాబేలు గుడ్లని కంచెవేసి కాపాడి, పొదిగిన పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. ఈసారి పిల్లల్ని తీసుకెళ్ళి దూరంగా నిలబడి చూడండి. టార్చి లైటు, సెల్‌ఫోను వెలుగు మాత్రం అక్కడ వెయ్యకండి.